సబ్‌స్టేషన్ మూలనున్న చిన్న డబ్బా

2015 డిసెంబరు 23 మధ్యాహ్నం. పశ్చిమ ఉక్రెయిన్‌లోని ఒక విద్యుత్ పంపిణీ సంస్థ కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్ తెర మీద బాణం గుర్తు దానంతట అదే కదలడం మొదలుపెట్టింది. ఆపరేటరు మౌస్ పట్టుకున్నా లాభం లేకపోయింది. ఎక్కడో కూర్చున్న మరెవరో సబ్‌స్టేషన్లలోని బ్రేకర్లను ఒక్కొక్కటిగా ట్రిప్ చేసుకుంటూ పోయారు. అదే రోజు మరో రెండు పంపిణీ సంస్థల్లోనూ ఇదే జరిగింది. సుమారు 30 సబ్‌స్టేషన్లు పడిపోయాయి. దాదాపు 2,25,000 మంది వినియోగదారులు ఆ చలిలో కొన్ని గంటలపాటు చీకట్లో ఉన్నారు. సైబర్ దాడి వల్ల కరెంటు పోయిందని బహిరంగంగా నిర్ధారణ అయిన మొదటి సంఘటన అది.

ఈ కథ చాలామందికి తెలుసు. దాని రెండో భాగం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. బ్రేకర్లను ట్రిప్ చేయడంతో దాడి చేసినవాళ్లు ఆగలేదు. సబ్‌స్టేషన్లలో పాత పరికరాలను నెట్‌వర్క్‌కు కలిపే చిన్న కన్వర్టర్లున్నాయి. వాటిలోని ఫర్మ్‌వేర్‌ను, అంటే ఆ పరికరాన్ని నడిపించే లోపలి ప్రోగ్రామును, పనికిరాని డేటాతో చెరిపేశారు. దాంతో కంట్రోల్ రూమ్ మళ్లీ ఉద్యోగుల చేతికి వచ్చినా, అక్కడి నుంచి బ్రేకరును మూయడం సాధ్యం కాలేదు. ఆదేశం బయలుదేరుతుంది, దాన్ని అవతలికి మోసే డబ్బా చచ్చిపోయి ఉంది. సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో వేశారు. కరెంటు గంటల్లో తిరిగొచ్చింది కానీ, చెడిపోయిన డబ్బాలను బాగుచేసే దారి లేదు, కొత్తవి పెట్టాల్సిందే. నెలల తరబడి ఆ సబ్‌స్టేషన్లు చేతి పనితోనే నడిచాయి.

పదేళ్ల తర్వాత, 2025 డిసెంబరు 29న, పోలండ్‌లో 30కి పైగా గాలి, సౌర విద్యుత్ కేంద్రాల మీద ఒకేసారి దాడి జరిగింది. ఉత్పత్తి ఆగలేదు. గ్రిడ్ నిర్వాహకులకూ ఆ కేంద్రాలకూ మధ్య సంబంధం మాత్రం తెగిపోయింది. అక్కడి జాతీయ సైబర్ అత్యవసర స్పందన బృందం 2026 జనవరి చివర్లో ఇచ్చిన నివేదికలో దెబ్బతిన్న పరికరాల పట్టిక ఉంది. అందులో మళ్లీ అవే: సీరియల్ పరికరాలను ఈథర్నెట్‌కు కలిపే డబ్బాలు. ఈసారి ఫర్మ్‌వేర్ జోలికి కూడా పోనక్కర్లేకపోయింది. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డును ఎవరూ మార్చకపోవడంతో, దాంతోనే లోపలికి వెళ్లి సెట్టింగులు చెరిపి, చిరునామా మార్చి వదిలేశారు.

రెండు దేశాలు, పదేళ్ల తేడా, ఒకే రకం డబ్బా. మన దేశంలో విద్యుత్ రంగ సైబర్ భద్రత గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ చైనా చుట్టూ తిరుగుతుంది. ఈ డబ్బా చుట్టూ తిరగదు. అక్కడే పొరపాటు జరుగుతోందని నా అభిప్రాయం.

ఇంతకీ ఆ డబ్బా చేసే పనేమిటి? మన సబ్‌స్టేషన్లలో, కర్మాగారాల్లో, నీటి పంపింగ్ కేంద్రాల్లో, ఆస్పత్రి లేబొరేటరీల్లో ఇప్పటికీ పనిచేస్తున్న మీటర్లు, రిలేలు, ఇన్వర్టర్లు, విశ్లేషణ యంత్రాలు చాలావాటికి మాట్లాడటానికి తెలిసిన దారి సీరియల్ పోర్టు ఒక్కటే. ఆర్‌ఎస్-232 అనే ప్రమాణం 1960 నాటిది, ఆర్‌ఎస్-485 1983 నాటిది. ఒక తీగ మీద ఒక బిట్ తర్వాత ఒక బిట్ వరసగా వెళ్తుంది. సాధారణంగా వాడే 9600 వేగంలో సెకనుకు తొమ్మిది వందల చిల్లర అక్షరాలు దాటవు. ఈరోజు ఫోన్లో ఒక ఫొటో పంపడానికి ఆ వేగం చాలదు. కానీ వోల్టేజి ఎంత, కరెంటు ఎంత, బ్రేకరు మూసి ఉందా తెరిచి ఉందా అని చెప్పడానికి అది ధారాళంగా సరిపోతుంది. పైగా ఆర్‌ఎస్-485 తీగ కిలోమీటరు పైచిలుకు దూరం పోతుంది, ఒకే జత తీగ మీద 32 పరికరాలు పెట్టొచ్చు, పక్కనే పెద్ద మోటారు తిరుగుతున్నా మాట చెడదు. ఇంజినీర్లు దాన్ని వదలకపోవడానికి కారణం బద్ధకం కాదు.

కన్వర్టర్‌లో ఉండేవి ఒక వైపు సీరియల్ పోర్టు, మరో వైపు ఈథర్నెట్ సాకెట్, మధ్యలో చిన్న మైక్రోకంట్రోలరు, కొద్దిగా మెమరీ. సీరియల్ తీగ మీద వచ్చిన అక్షరాలను పోగుచేసి, ఇంటర్నెట్ పద్ధతిలో ప్యాకెట్టుగా కట్టి నెట్‌వర్క్ మీదికి పంపుతుంది. అటు నుంచి వచ్చిన ప్యాకెట్టును విప్పి అక్షరాలుగా తీగలోకి వదులుతుంది. 2000 దశకం మొదట్లోనే ఈ మొత్తం కంప్యూటర్‌ను ఈథర్నెట్ సాకెట్టంత సైజులోకి కుదించి అమ్మడం మొదలైంది. ఇప్పుడు ఈథర్నెట్ చిప్పు ఉన్న చిన్న బోర్డు కొన్ని వందల రూపాయలకు ఆన్‌లైన్లో దొరుకుతుంది. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థి ప్రాజెక్టు పేరుతో వారంలో ఒకటి చేసి చూపించగలడు. అదే పనికి గట్టి పెట్టెలో, పరిశ్రమలోని వేడినీ దుమ్మునూ తట్టుకునేలా తయారైనది వేల రూపాయల్లో వస్తుంది.

చెప్పినంత తేలికైన పనేమీ కాదు లెండి. మోడ్‌బస్ అనే భాషను తీసుకోండి. 1979లో మోడికాన్ కంపెనీ తన కంట్రోలర్ల కోసం తయారుచేసిన ఈ భాష ఇప్పటికీ పరిశ్రమల్లో అందరికీ అర్థమయ్యే వ్యవహార భాష. సీరియల్ తీగ మీద మోడ్‌బస్‌లో ఒక వాక్యం ముగిసిందని చెప్పే గుర్తు మౌనం. మూడున్నర అక్షరాలు పట్టేంత సేపు తీగ మీద ఏమీ రాకపోతే వాక్యం అయిపోయినట్టు. 9600 వేగంలో అది సుమారు 4 మిల్లీసెకన్లు. ఈథర్నెట్ మీద ఆ మౌనానికి అర్థం లేదు. ప్యాకెట్టు ముందొచ్చినా, ఆలస్యమైనా, రెండుగా చీలినా అక్కడది సహజమే. అందుకే అక్షరాలను గుడ్డిగా మోసే చవక కన్వర్టర్లు పెట్టినచోట మీటరు రీడింగులు అప్పుడప్పుడూ ఎగిరిపోతుంటాయి, ఎందుకో అర్థం కాక ఇంజినీర్లు తలపట్టుకుంటారు. మంచి కన్వర్టర్ భాష తెలిసిన దుబాసీలా పనిచేస్తుంది. సీరియల్ వాక్యాన్ని పూర్తిగా విని, దాని పొడవును తలకట్టులో రాసి, ఈథర్నెట్‌కు తగిన రూపంలో పంపుతుంది. మాట అర్థమయ్యే డబ్బాకూ మోసుకుపోయే డబ్బాకూ మధ్య ఉన్న ఈ తేడా, భద్రత దగ్గరికి వచ్చేసరికి ఇంకా పెద్దదవుతుంది.

ఎందుకంటే మోడ్‌బస్ వాక్యంలో ఉండేవి ఇవే: ఏ పరికరానికి, ఏ పని, ఏ విలువ, చివర ఒక తనిఖీ సంఖ్య. ఎవరు అడుగుతున్నారు అనే ప్రశ్నకు అందులో చోటే లేదు. చివరి సంఖ్య తీగలో రొద వల్ల అక్షరం మారిపోతే పట్టుకుంటుంది, వేరే మనిషి వచ్చి అడిగితే పట్టుకోదు. రాష్ట్రాల లోడ్ డిస్పాచ్ కేంద్రాలతో సబ్‌స్టేషన్లు మాట్లాడే అంతర్జాతీయ ప్రమాణాలదీ మొదట్లో ఇదే తీరు. ఐఈసీ 60870 కుటుంబంలో సీరియల్ తీగ కోసం 101 ఉంది, దాన్నే నెట్‌వర్క్ మీదికి తెచ్చిన 104 ఉంది. రెంటిలోనూ సహజంగా తాళం లేదు. తాళం ఎలా వేయాలో చెప్పే వేరే ప్రమాణాలు తర్వాత వచ్చాయి, వాటిని వాడాలా వద్దా అన్నది కొనేవాళ్ల ఇష్టం.

ఆ భాషలు తయారుచేసినవాళ్లు అమాయకులేమీ కాదు. అప్పట్లో తాళం అవసరం కంట్రోల్ రూమ్ గోడే తీర్చేది. తీగ ఆ గోడ దాటి బయటకు పోయేది కాదు. తీగను ముట్టుకోవాలంటే గేటు దగ్గర వాచ్‌మన్‌ను దాటాలి. కన్వర్టర్ రావడంతో ఆ తీగ ఒక చివర హఠాత్తుగా జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి రాజధానికి, ఏమరుపాటుగా ఉంటే ప్రపంచం మొత్తానికి చేరింది. లోపలి పరికరం మాత్రం ఇంకా తాను గోడ మధ్యనే ఉన్నాననుకుంటోంది. వచ్చిన ప్రతి ఆదేశాన్నీ పాటిస్తూనే ఉంది.

ఇది ఊహ కాదని చూపించిన లెక్కలున్నాయి. 2013లో రాపిడ్7 సంస్థ పరిశోధకుడు హెచ్.డి. మూర్ ఇంటర్నెట్‌ను గాలించి, రెండు ప్రసిద్ధ కంపెనీల సీరియల్ సర్వర్లు బాహాటంగా కనిపిస్తున్న చిరునామాలు 1,14,000కు పైగా ఉన్నాయని తేల్చాడు. వాటిలో 95,000కు పైగా మొబైల్ నెట్‌వర్క్ మీద, అంటే సిమ్ వేసిన మోడెంల ద్వారా, బయటపడ్డవి. 13,000కు పైగా పోర్టుల్లో పాస్‌వర్డు అడగడమే లేదు, లేదా అంతకుముందు లాగిన్ అయిన ఉద్యోగి తలుపు తెరిచే వెళ్లిపోయాడు. ఈ రెండోది సీరియల్ ప్రపంచంలో మాత్రమే కనిపించే జబ్బు. వెబ్‌సైటులోనైతే కిటికీ మూస్తే సంబంధం తెగుతుంది. సీరియల్ తీగకు అవతలి మనిషి వెళ్లిపోయాడని తెలిసే దారి చాలాచోట్ల ఉండదు. తర్వాత వచ్చినవాడు అదే కుర్చీలో కూర్చోవచ్చు.

2015 జనవరిలో అదే సంస్థ పెట్రోలు బంకుల నేలమాళిగ ట్యాంకుల సంగతి బయటపెట్టింది. ట్యాంకులో ఎంత ఇంధనం ఉంది, నీరు చేరిందా, కారుతోందా అని చూసే గేజ్‌కు సీరియల్ పోర్టు ఉంటుంది. దాన్ని కన్వర్టర్‌తో ఇంటర్నెట్‌కు కలిపి, పాస్‌వర్డు లేకుండా వదిలేసిన బంకులు సుమారు 5,800 కనిపించాయి. వాటిలో 5,300కు పైగా అమెరికాలోనే. అలాంటి గేజ్‌లోకి వెళ్లినవాడు ట్యాంకు నిండుగా ఉన్నా ఖాళీ అని చూపించగలడు, లీకేజీ హెచ్చరికను ఆపేయగలడు. అమెరికాలాంటి దేశంలోనే పరిస్థితి ఇది. మన బంకుల్లో, గోదాముల్లో ఎన్ని ఉన్నాయో బహిరంగంగా లెక్కపెట్టి చెప్పమంటే ఎవరు చెప్పాలో కూడా స్పష్టత లేదు.

2024 జనవరిలో ఉక్రెయిన్‌లోని ల్వివ్ నగరంలో 600కు పైగా అపార్ట్‌మెంటు భవనాలకు దాదాపు రెండు రోజులు వేడి నీళ్లు, గది వేడి ఆగిపోయాయి. సున్నా కన్నా దిగువ చలిలో. దాడి చేసినవాళ్లు పంపింది వేడిని నియంత్రించే పరికరాలకు మామూలు మోడ్‌బస్ ఆదేశాలే. డ్రాగోస్ సంస్థ విశ్లేషణ ప్రకారం ఆ పరికరాలు చదివే విలువలు తప్పుగా వచ్చేలా చేశారు, అవి ఆ తప్పు విలువలను నమ్మి నడుచుకున్నాయి. ఇక్కడ హ్యాకర్లు ఛేదించిన సాంకేతిక కోట ఏదీ లేదు. నెట్‌వర్క్‌లోకి ఒక రూటరు గుండా వచ్చారు, ఆపైన ఆదేశమిస్తే పాటించే పరికరాలు ఎదురుచూస్తూ ఉన్నాయి.

ఇక మన దగ్గరికి వద్దాం. 2020 అక్టోబరు 12న ముంబయి చీకటైంది. లోకల్ రైళ్లు ఆగిపోయాయి. 2021 ఫిబ్రవరి చివర్లో రికార్డెడ్ ఫ్యూచర్ అనే అమెరికా సంస్థ, చైనాతో సంబంధమున్న బృందం మన విద్యుత్ రంగంలోని 10 సంస్థలను, రెండు ఓడరేవులను లక్ష్యంగా చేసుకుందని చెప్పింది. అప్పటి మహారాష్ట్ర హోం మంత్రి విధ్వంసం జరిగి ఉండొచ్చన్నారు. కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్ మాత్రం ముంబయి ఘటనకు కారణం మానవ తప్పిదమేనని చెప్పారు. ఆ వెంటనే తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కోలకు కేంద్ర సైబర్ స్పందన బృందం నుంచి హెచ్చరిక వచ్చింది, అనుమానాస్పద చిరునామాలను అడ్డుకున్నామని అధికారులు చెప్పారు. 2022 ఏప్రిల్‌లో లద్దాఖ్ సరిహద్దుకు దగ్గరున్న కనీసం ఏడు లోడ్ డిస్పాచ్ కేంద్రాల మీద ప్రయత్నాలు జరిగాయన్న మరో నివేదిక వచ్చింది. అవి ఫలించలేదని మంత్రి అన్నారు. ఆ నివేదికలో చాలామంది పట్టించుకోని ఒక వివరం ఉంది: దాడి చేసినవాళ్లు తమ ఆదేశాలను నడిపించింది ఇతరుల సీసీ కెమెరాలు, వీడియో రికార్డర్ల గుండా. అవి కూడా ఇంటర్నెట్‌కు తగిలించి మరిచిపోయిన చిన్న ఎంబెడెడ్ పరికరాలే.

వీటికి మన స్పందన ప్రధానంగా దేశం పేరు చుట్టూ సాగింది. గల్వాన్ ఘర్షణ తర్వాత, 2020 జులై 2న, దిగుమతి చేసుకునే విద్యుత్ పరికరాలన్నిటినీ హానికర ప్రోగ్రాముల కోసం దేశంలో పరీక్షించాలని, కొన్ని దేశాల నుంచైతే ముందస్తు అనుమతి ఉండాలని కేంద్రం ఆదేశించింది. అది అవసరమే. శత్రు దేశపు పరికరం గుండెలో పెట్టుకుని నిద్రపోలేం. కానీ ఉక్రెయిన్‌లోనూ పోలండ్‌లోనూ దెబ్బతిన్న డబ్బాల్లో దొంగ తలుపు ఉందని ఎవరూ అనలేదు. ముందు తలుపే తెరిచి ఉంది. మార్చని పాస్‌వర్డు, ఎవరు పంపినా ఒప్పుకునే ఫర్మ్‌వేర్, ఆఫీసు నెట్‌వర్క్ నుంచి సబ్‌స్టేషన్ దాకా అడ్డులేని దారి. ఇవి తైవాన్‌లో చేసిన డబ్బాకూ, జర్మనీ డబ్బాకూ, మన బాలానగర్‌లో బిగించిన డబ్బాకూ సమానంగా వర్తిస్తాయి. పైన మన ముద్ర వేసి, లోపల ఎక్కడి నుంచో తెచ్చిన మాడ్యూలు పెట్టిన డబ్బా విషయంలో అసలు ప్రశ్న దేశం గురించి కాదు. లోపలి ప్రోగ్రాము రాసిందెవరు, ఐదేళ్ల తర్వాత అందులో లోపం బయటపడితే సరిదిద్దేదెవరు?

నిజానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబరులో ఇచ్చిన సైబర్ భద్రత మార్గదర్శకాలు చదివితే, ఉండాల్సినవి చాలావరకు ఉన్నాయి. ప్రతి సంస్థలోనూ భద్రతాధికారి, కీలక పరికరాల గుర్తింపు, ఎలక్ట్రానిక్ సరిహద్దు, తనిఖీలు, కాలం చెల్లిన వ్యవస్థలను దశలవారీగా తీసేయడం. చివరి మాట దగ్గరే చిక్కు. ఒక రిలే, ఒక మీటరు ఇరవై ఏళ్లు నిక్షేపంగా పనిచేస్తాయి. వాటిని మార్చాలంటే డబ్బు కావాలి, సరఫరా ఆపాలి, మళ్లీ పరీక్షించాలి. అప్పుల్లో ఉన్న డిస్కంకు ఆ ఖర్చు సమర్థించుకోవడం కష్టం. అలాంటప్పుడు కొన్ని వేల రూపాయల కన్వర్టర్ పెడితే పాత మీటరే కొత్త సర్వర్‌తో మాట్లాడుతుంది. అంటే కాలం చెల్లినదాన్ని తీసేయమని నియమం చెబుతుంటే, దాని ఆయుష్షు పొడిగించే పరికరం పక్కనే నిశ్శబ్దంగా పెరుగుతోంది. దీన్ని తప్పు అనలేం. పేద సంస్థకు అదే తెలివైన దారి. ఆ డబ్బాను లెక్కలో పెట్టకపోవడమే తప్పు.

ఎందుకు లెక్కలోకి రాదో చూడండి. రిలే ప్రొటెక్షన్ విభాగానిది. మీటరు మీటరింగ్ విభాగానిది. ఫైబరు టెలికాం విభాగానిది. సర్వరు ఐటీ వాళ్లది. మధ్యలో డబ్బా టర్న్‌కీ టెండరు సామగ్రి పట్టికలో ఎక్కడో ఒక వరస. కాంట్రాక్టరు తెచ్చి ప్యానెల్లో బిగించి, డేటా వస్తోందని చూపించి, బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. పాస్‌వర్డు మార్చాలన్న షరతు పట్టికలో లేకపోతే అతను మార్చడు, మార్చితే రేపు మరమ్మతుకు వచ్చినప్పుడు ఇంకొకరిని అడగాలి. డేటా వస్తున్నన్నాళ్లూ ఆ ప్యానెల్ తలుపు ఎవరూ తీయరు. ఆడిట్ చేసేవాళ్లు సర్వర్లను, కంప్యూటర్లను, ఫైర్‌వాల్‌ను చూస్తారు. ఆస్తుల జాబితాలో లేనిదాన్ని వాళ్లు మాత్రం ఎలా అడుగుతారు?

మా నెట్‌వర్క్ ఇంటర్నెట్‌కు తగిలించి లేదు కదా అన్నది తరచు వినిపించే సమాధానం. అందులో నిజం ఉంది, తీసిపారేయకూడదు. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం పాలనా విభాగపు కంప్యూటర్లో హానికర ప్రోగ్రాము దొరికిందని అణు విద్యుత్ సంస్థ ఒప్పుకున్నప్పుడు, ప్లాంటును నడిపే వ్యవస్థ దానికి వేరుగా ఉందన్నది ఊరటనిచ్చిన అంశం. వేరు చేయడం పనిచేస్తుంది. కానీ ఉక్రెయిన్ సబ్‌స్టేషన్లు కూడా నేరుగా ఇంటర్నెట్ మీద లేవు. దాడి చేసినవాళ్లు ఆఫీసు ఉద్యోగులకు ఈమెయిల్ పంపి లోపలికి వచ్చి, నెలల తరబడి నెమ్మదిగా పాస్‌వర్డులు పోగుచేసుకుని, దూరం నుంచి పనిచేసే ఉద్యోగులు వాడే దారినే వాడుకుని కంట్రోల్ వ్యవస్థకు చేరారు. ఈ మధ్య దారులు మన దగ్గర తగ్గడం లేదు, పెరుగుతున్నాయి. సౌర విద్యుత్ కేంద్రంలో ఇన్వర్టర్లు ఆర్‌ఎస్-485 తీగతో వరసగా కలిసి, ఒక లాగర్ గుండా నెట్‌వర్క్ మీదికి వస్తాయి. తయారీ కంపెనీ దూరం నుంచి చూస్తుంది, నిర్వహణ కాంట్రాక్టరు చూస్తాడు, గ్రిడ్ నిర్వాహకులూ చూస్తారు. 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు లాంటి విశాలమైన చోట్ల ప్యానెల్ వరసల మధ్య మనుషులు కనిపించేది అరుదు. పోలండ్‌లో జరిగింది సరిగ్గా ఇలాంటి కేంద్రాల్లోనే. కరెంటు వస్తూనే ఉంది, ఎంత వస్తోందో తెలిపే కన్ను పోయింది. మధ్యాహ్నం సౌర విద్యుత్ మీద గ్రిడ్ ఎక్కువగా ఆధారపడే రోజుల్లో ఆ కన్ను పోతే, లోడ్ డిస్పాచ్ కేంద్రం చీకట్లో బండి నడిపినట్టే.

సీరియల్ మీటర్లకు సిమ్ మోడెం పెట్టే పద్ధతి మనకు 2008 నాటి ఆర్‌-ఏపీడీఆర్‌పీ పథకం నుంచీ ఉంది. 2021లో మొత్తం 3,03,758 కోట్ల రూపాయల అంచనాతో వచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం లక్ష్యాల్లో 25 కోట్ల స్మార్ట్ మీటర్లు పెట్టడం ఒకటి. స్మార్ట్ మీటర్ల మీద రాజకీయ చర్చ అంతా బిల్లు పెరుగుతుందా, ప్రీపెయిడ్ అయితే కరెంటు కట్ చేస్తారా అన్నదాని మీద. ఆ భయాలకు కారణాలున్నాయి. అయితే ఇంటి మీటరు చెడితే ఒక ఇల్లు ఇబ్బంది పడుతుంది. ఫీడరు దగ్గరి డబ్బా చెడితే ఆ ఫీడరు కింద ఉన్న ఊళ్లన్నిటి సంగతీ కంట్రోల్ రూమ్‌కు కనిపించకుండా పోతుంది. ఆ సిమ్‌కు ఇచ్చిన చిరునామా ప్రైవేటు నెట్‌వర్క్‌లోదా, ఎవరైనా వెతికి పట్టుకోగలిగేదా అన్న ఒక్క ప్రశ్న ప్రతి డిస్కం తన టెలికాం కంపెనీని అడగాలి. 2013 లెక్కలో 95,000 పరికరాలు బయటపడింది ఈ ఒక్క ప్రశ్న అడగనందుకే.

ఇంతవరకు డబ్బాను దోషిగా నిలబెట్టాను. దానికి మరో ముఖం ఉంది. ఇరవై ఏళ్ల నాటి మీటరులో తాళం పెట్టడం ఎవరి వల్లా కాదు. దానికున్న చిన్న చిప్పులో సంకేత గణితానికి చోటు లేదు, దాని కంపెనీ కూడా మూతపడి ఉండొచ్చు. తాళం వేయగలిగిన ఒకే ఒక్క చోటు దాని ముందున్న కన్వర్టర్. ఈనాటి చవక మైక్రోకంట్రోలర్లలో చాలావాటికి గుప్తలేఖనం కోసం వేరే హార్డ్‌వేరు ఉంది, తయారీదారు డిజిటల్ సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను తిరస్కరించే సదుపాయం ఉంది. 2015లో ఉక్రెయిన్ డబ్బాల్లో ఈ సంతకం తనిఖీ ఒక్కటి ఉండి ఉంటే, వాటి ప్రోగ్రామును చెత్తతో నింపడం అంత తేలికయ్యేది కాదు. మోడ్‌బస్‌కు కూడా 2018లో బ్యాంకు వెబ్‌సైట్లలో వాడే తరహా భద్రతా కవచంతో కొత్త రూపం ప్రమాణంగా వచ్చింది. పాత పరికరం దాన్ని మాట్లాడలేకపోయినా కన్వర్టర్ మాట్లాడగలదు.

ఇంకా చవకైన, ఇంకా మొరటైన రక్షణ ఒకటుంది. మోడ్‌బస్‌లో ప్రతి పనికీ ఒక అంకె. 3, 4 అంటే విలువ చదవడం. 5, 6, 15, 16 అంటే విలువ రాయడం, అంటే రిలేను ఆన్ ఆఫ్ చేయడం, సెట్టింగు మార్చడం. మీటరు రీడింగు కోసమే పెట్టిన కన్వర్టర్ గుండా రాసే ఆదేశం ఎప్పటికీ పోనక్కర్లేదు. భాష తెలిసిన డబ్బాకు చదివే అంకెలు తప్ప మరేది వచ్చినా పారేయమని చెప్పడం కొన్ని నిమిషాల పని. దాంతో దాడి చేసినవాడు నెట్‌వర్క్ మొత్తం ఆక్రమించినా ఆ దారిన రీడింగు చూడగలడే గానీ ఆ మీటరు సెట్టింగు మార్చలేడు. అయితే ఆ పనికి డబ్బా మాట అర్థం చేసుకునేదై ఉండాలి, కాబట్టి టెండరులో అతి తక్కువ ధర అన్న ఒక్క గీటురాయితో కొంటే అది దొరకదు.

నిబంధన పెట్టడం కొత్తేమీ కాదని మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ 9 నుంచి కేంద్రం భద్రతా పరీక్ష తప్పనిసరి చేసింది. పరీక్ష లేనిది అమ్మడానికి వీల్లేదు. పరిశ్రమ గొణిగింది, ల్యాబులు చాలడం లేదంది, గడువు పెంచమంది. అందులో కొంత న్యాయం ఉంది, చిన్న తయారీదారులకు పరీక్ష ఖర్చు భారమే. అయినా ఒక వస్తువుకు చేసినదాన్ని దాని చుట్టంలాంటి మరో వస్తువుకు చేయడం మొదటిసారంత కష్టం కాదు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వంటి ప్రభుత్వ సంస్థకు పారిశ్రామిక నియంత్రణ పరికరాలు చేసిన దశాబ్దాల అనుభవం ఉంది. చదివే ఆదేశాలనే దాటనిచ్చే, సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను ఒప్పుకోని కన్వర్టర్ నమూనా ఒకటి తయారుచేసి చిన్న కంపెనీలకు ఇవ్వడం అలాంటి సంస్థకు తగిన పని.

ఐరోపా సమాఖ్య ఈ దారిలో ముందుంది. సైబర్ రెసిలియన్స్ చట్టం 2024 డిసెంబరు 10న అక్కడ అమల్లోకి వచ్చింది, ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి కట్టుబడి తీరాల్సినవి. నెట్‌వర్క్‌కు కలిసే పరికరం అమ్మేవాళ్లు సురక్షితమైన సెట్టింగులతో అమ్మాలి, లోపాలు సరిదిద్దే అప్‌డేట్లు మామూలుగా కనీసం ఐదేళ్లు ఇవ్వాలి. సీరియల్ కన్వర్టర్లు తయారుచేసే పెద్ద కంపెనీలన్నీ ఐరోపాలో అమ్మేవే, ఇక్కడా అమ్మేవే. కాబట్టి ఆ తేదీ తర్వాత అదే కంపెనీ దగ్గర రెండు రకాల సరుకు ఉండొచ్చు: ఐదేళ్ల బాధ్యతతో వచ్చేది ఒకటి, పాత నిల్వలోని చవక రకం ఒకటి. మన డిస్కంలు ఇప్పుడు రాస్తున్న టెండరు పత్రాల్లో సామగ్రి పట్టికలోని ఆ వరసకు ఎదురుగా ఏ షరతులు ఉన్నాయన్నదాన్ని బట్టి, ఆ రెండింటిలో ఏది వచ్చి మన ప్యానెల్లో కూర్చుంటుందో తేలుతుంది. ఒకసారి కూర్చున్నాక అది 2040 దాకా అక్కడే ఉండే అవకాశం ఎక్కువ.